ఇంకో నాలుగు ప్రశ్నలు

“ఆమె ఇక రాదు. బస్టాపు దగ్గర గడ్డకట్టిన మంచు మీద కాలు జారి ఉంటుంది. తుంటి విరిగి అక్కడే పడి ఉంటుంది. ఎవరూ చూసి ఉండరు,” అంది జనెల్, కిటికీ అద్దానికి నుదురు ఆనించి.

గది మూల కంప్యూటర్‌కు కెమెరా బిగిస్తున్న గోర్డన్ తల ఎత్తలేదు. “బస్సు ఆలస్యమై ఉంటుంది.”

“లేకపోతే బోల్తా పడి ఉంటుంది.”

“సరే, బోల్తా పడిందనుకుందాం. అప్పుడు మనకి ఇంకో మనిషి కావాలి. ఎవరికైనా ఫోన్ చెయ్యి.”

నవ్వించడానికే అన్నాడతను. జనెల్‌కి నవ్వు రాలేదు. పదహారేళ్ళ కూతురు బ్రిన్ ఆ పొద్దున కారు తనే నడుపుకుంటూ బడికి వెళ్ళింది. లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. చేరగానే మెసేజ్ పెట్టమంటే పెట్టలేదు. అందుకని జనెల్ కళ్ళముందు ఆ పూట చక్రాలున్నవన్నీ బోల్తా పడుతూనే ఉన్నాయి.

గోర్డన్ ఆ సర్వే కేంద్రానికి పెద్ద. అయినా కెమెరా బిగించడం ఇంకొకరికి వదిలేవాడు కాదు. జనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీదో ఫోన్ మీదో నింపే సర్వేలకు, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న రావాలి, తెర మీద జవాబులు పక్కపక్కన ఉండాలా ఒకదాని కింద ఒకటి ఉండాలా, ఇలాంటివన్నీ తేల్చడం అక్కడి పని. కొత్త సర్వే ఏదైనా తయారైతే ముందు ఊళ్ళోవాళ్ళని కొందర్ని పిలిపిస్తారు. ఒక్కొక్కర్నీ ఈ గదిలో కూర్చోబెట్టి నింపమంటారు. నింపుతున్నంతసేపూ మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి చెప్పమంటారు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వినడం జనెల్ పని. వినాలంతే. సాయం చెయ్యకూడదు. ‘దీనికేమిటి అర్థం’ అని అడిగితే ‘మీకెలా అర్థమైతే అలా’ అనాలి. అంతకు మించి పెదవి కదపకూడదు.

తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఊలు టోపీ మీద మంచు పొడి. చేతిలో గుడ్డసంచీ, అందులోంచి రొట్టె పొట్లం చివర బయటికి కనిపిస్తోంది.

“నేను ట్వైలా నస్‌ని. ఆ బస్సు డ్రైవరు ముసలాడు, ఎద్దుబండి తోలుతున్నాననుకుంటున్నాడు. నాకు మళ్ళీ తిరుగు బస్సుంది తల్లీ, అది పోతే ఇంకోటి చీకటి పడ్డాకే. త్వరగా కానిచ్చేద్దాం.”

“మీరు పడలేదు కదా?” అంది జనెల్.

“ఎందుకు పడతాను?” అని ట్వైలా ఆమెను వింతగా చూసి కుర్చీలో కూర్చుంది. కోటు మాత్రం విప్పలేదు.

గోర్డన్ పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. కెమెరాలోంచి తెరనూ మనిషినీ అక్కడినుంచే చూస్తాడు.

ఇది మార్లో కౌంటీ సర్వే. ఇళ్ళల్లో జనం ఎలా గడుపుతున్నారని ఏటా అడుగుతారు. ఇల్లు వెచ్చబెట్టుకోవడం, కారు మరమ్మతు, డాక్టరు, మందులు, ఆఖర్న తిండి. మొన్న శరదృతువులో మొదటిసారి తెర మీద పెట్టారు. అంతకుముందంతా టెలిఫోన్‌లోనే. వచ్చే ఏడు కూడా దీన్నే వాడాలి గనక ఎక్కడైనా ఇబ్బందులుంటే చూడమని జనెల్‌కి అప్పజెప్పారు.

ట్వైలా బిగ్గరగా చదివింది. “‘గడిచిన సంవత్సరంలో, ఇల్లు వెచ్చబెట్టుకునే వీలు లేక ఇబ్బంది పడ్డారా?’ పడక? ఇల్లు వేడిచేసే కొలిమి పాడైంది జనవరిలో. అవును.” మౌస్ నొక్కింది. “ఓహో, మళ్ళీ అడుగుతోంది. ఎన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చేశారు... ఏం చేశాం? నేనూ మా మామగారూ వంటింట్లో పడుకున్నాం. ఓవెన్ తలుపు తెరిచి, ఆ వేడికి. పైగా ఆయన గురక. అది రాయడానికి ఇక్కడ చోటు లేదే.”

“ఇప్పుడు మీకేం అనిపిస్తోంది?” అంది జనెల్, అనాల్సింది అదే గనక.

“చోటు లేదనిపిస్తోంది.”

కారు ప్రశ్నకు కూడా అవునంది. మళ్ళీ నాలుగు వచ్చాయి. ట్వైలా నాలుగూ నింపింది గానీ, చదవడం తగ్గింది. డాక్టరు ప్రశ్న వచ్చినప్పుడు మౌస్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది. గోడ మీది గడియారం వైపు చూసింది. ‘లేదు’ నొక్కింది. తెర వెంటనే మందుల దగ్గరికి వెళ్ళిపోయింది.

“హమ్మయ్య,” అంది.

మందులకీ లేదు. తర్వాత ఆఖరి పేజీ. *గడిచిన సంవత్సరంలో, కొనుక్కునే వీలు లేక మీరెప్పుడైనా ఒక పూట భోజనం మానుకున్నారా?* ఆ ప్రశ్నని ట్వైలా పైకి చదవనే లేదు. వేలు దానంతట అదే ‘లేదు’ మీదికి వెళ్ళింది. ధన్యవాదాలు అని తెర చెప్పింది.

నింపడం అయ్యాక మాత్రం జనెల్ నాలుగు మాటలు అడగొచ్చు. “ఆఖరి ప్రశ్నకి జవాబు ఎలా నిర్ణయించుకున్నారు?”

“నిర్ణయించుకోవడానికేముంది? అవునంటే ఇంకో నాలుగు అడుగుతుంది. లేదంటే పోనిస్తుంది. రెండుసార్లకే తెలిసిపోలా?” ట్వైలా చేతితొడుగులు వేసుకుంటోంది. ఎడమ తొడుగు బొటనవేలి దగ్గర కుట్టు విడిపోయింది. “దానికి నా మీద కోపమేం లేదు, నాకూ దాని మీద లేదు.”

“మరి నిజానికి?”

“నిజానికా?” ఆమె సంచీ ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. “మా మామగారికి మధ్యాహ్నం కౌంటీ వ్యాను భోజనం డబ్బా తెస్తుంది. ఆయన తినగా ఏదన్నా మిగిలితే నాకు అదే భోజనం. మిగలకపోతే టోస్టు. దాన్ని మానుకోవడం అంటారా, తల్లీ? నువ్వు చదువుకున్నదానివి. చెప్పు.”

జనెల్ నోరు తెరిచింది. గోడకవతల గోర్డన్ వింటున్నాడు. కెమెరా ఎర్రచుక్క వెలుగుతోంది.

“మీకెలా అర్థమైతే అలా,” అంది.

ట్వైలా తల ఊపింది, తను అనుకున్నదే విన్నట్టు. వచ్చినందుకు ఇచ్చిన గిఫ్టు కార్డు కోటు లోపలి జేబులో పెట్టుకుని, బస్సుకోసం వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సెక్కేదాకా జనెల్ కిటికీ దగ్గరే నిలబడి చూసింది. ఎక్కడా జారలేదు.

*

మర్నాడు జనెల్ పొద్దుటి నుంచీ లేవకుండా శరదృతువు జవాబులు ముందేసుకుని కూర్చుంది. కౌంటీలో ఎంతోమంది నింపిన సర్వే అది. పేర్లుండవు. నంబర్లే. ఆమె మొదటి పేజీ చూసింది, రెండోది చూసింది, మూడోది చూసింది. పేజీ ముందుకు జరిగేకొద్దీ ‘అవును’లు సన్నబడిపోతున్నాయి. ముందు రెండిటికీ అవునన్నవాళ్ళు, అంటే కొలిమీ కారూ రెండూ చెడిపోయినవాళ్ళు, తిండి దగ్గరికొచ్చేసరికి అందరికంటే ఎక్కువగా ‘లేదు’ అన్నారు. ఇల్లు చల్లగా, కారు కదలకుండా, కడుపు మాత్రం నిండుగా. అలా ఎక్కడైనా ఉంటుందా?

ఇంకోసారి మొదటి నుంచి చూసింది. తప్పు తనదేనేమో, లెక్కలో ఏదో గడి తప్పుగా కలిపానేమో, గోర్డన్ ముందు నవ్వులపాలైపోతానేమో అని మూడోసారి కూడా చూసింది.

గురువారం పొద్దున, కౌంటీ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చే కమిషనర్ల సమావేశం. ‘భోజనం మానుకున్నవాళ్ళు సగానికి తగ్గారు’ అని వాళ్ళ ముందు పెట్టబోయే నివేదికలో ఒక పేజీ ఉంది. ఆ పేజీ కింద కమిషనర్ల అధ్యక్షురాలు ఓల్సన్‌గారు పోయినవారమే పెన్సిల్‌తో రాసి పంపింది, ఇక భోజనాల వ్యాను అవసరం లేనట్టే కదా అని. చలికాలం పోయేలోగా వ్యాను ఆపేస్తారని అందరికీ తెలుసు.

మధ్యాహ్నం గోర్డన్ తన గదిలో భోజనం చేస్తున్నాడు. ఫోము గిన్నెలో చిల్లీ అనే బీన్సు, మాంసం కూర, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్. రోల్ తుంచి చిల్లీలో ముంచుతున్నాడు.

“కూర్చో. సగం తింటావా?”

“వద్దు. ఇది చూడండి ముందు.”

అతను చెయ్యి తుడుచుకుని కాగితాలు తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. రోల్ ముక్క చిల్లీలో పూర్తిగా మెత్తబడి మునిగిపోయింది.

“అలసిపోయి ఉంటారు,” అన్నాడు.

“అలసట కాదు. నేర్చుకుంటున్నారు. అవునంటే నాలుగు, లేదంటే సున్నా. ట్వైలాకి రెండు పేజీల్లో తెలిసిపోయింది. టెలిఫోన్‌లో అడిగినప్పుడు మనం ముందు ఐదూ అడిగేసేవాళ్ళం, తర్వాతే వివరాలకి వెళ్ళేవాళ్ళం. వాళ్ళకి ముందు తెలిసేది కాదు.”

“తెలుసు. ఆ వరస మార్చింది నేనే.” గోర్డన్ గిన్నె పక్కకి జరిపాడు. “తెర మీద ఒక విషయం తెరిచి, పూర్తిచేసి, మూసి, ఇంకోటి తెరిస్తే శుభ్రంగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, శుభ్రంగా.”

జనెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నువ్విప్పుడు ఏం చెయ్యమంటావు?”

“ఆ పేజీ తీసేయమని చెప్పండి. ఆ లెక్క నమ్మొద్దని.”

“ఏం చూపించి? ఈ గీతలు చూస్తే నీకూ నాకూ అర్థమౌతుంది. ఓల్సన్‌గారికి కాదు. ‘మీరే అడిగారు, మీరే లెక్కేశారు, బిల్లు కూడా మీరే పంపారు, ఇప్పుడు మీరే కాదంటారేమిటయ్యా’ అంటుంది. నేనైనా అంతే అంటాను.”

“ట్వైలా ఉంది.”

“ట్వైలా మనం ప్రకటన వేస్తే వచ్చిన మనిషి, కార్డు ఇచ్చి కూర్చోబెట్టాం. అసలు సర్వేలో లేదు. పైగా ఆమె ఈ గదిలో చెప్పింది గది దాటకూడదు. మాటిచ్చాం.” అతను కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. “శరదృతువులో నింపినవాళ్ళలో, మళ్ళీ మాట్లాడొచ్చని ఫోన్ నంబర్ ఇచ్చినవాళ్ళున్నారు. వాళ్ళలో కొలిమీ కారూ అవునని తిండికి లేదన్నవాళ్ళని తియ్యి. రేపు సాయంత్రం ఫోన్ చెయ్యి. ఆ ఒక్క ప్రశ్నే అడుగు, ముందు. ఒక్కరు, తెర మీద లేదని నొక్కి, అడిగితే అవునన్నవాళ్ళు ఒక్కరు దొరికినా చాలు. గురువారం పొద్దున లేచి నిలబడి, నేను పెట్టిన వరస తప్పు, ఆ పేజీ చించెయ్యండి అని నేనే చెప్తాను.”

“ఒక్కరు చాలా?”

“లెక్కకి చాలదు. ఆపడానికి చాలు.” అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “కానీ దొరకరు జనెల్. ఒంటరిగా తెర ముందు కూర్చుని చెప్పనిది, గొంతు వినిపించే మనిషితో చెప్తారా? మనిషి కంటే మిషన్‌కే నిజం చెప్తారని ఏటా ఇక్కడ పాఠం చెప్పేవాణ్ణి నేను.”

*

ఆ సాయంత్రం బ్రిన్ వంటింట్లో నిలబడే సీరియల్ తింటోంది. జనెల్ ఇంకా కోటు విప్పలేదు.

“దారిలో జారలేదు కదా? రైలు పట్టాల దగ్గర ఆగావు కదా? బళ్ళో భోజనం చేశావు కదా?”

“అమ్మా, నువ్వడిగేవి ప్రశ్నలు కావు. జవాబు నువ్వే చెప్పేసి నన్ను తలూపమంటావు. ఉద్యోగంలో కూడా ఇలాగే అడుగుతావా? ఇంకా ఉంచారే నిన్ను.”

“ఇవాళ కూడా మెసేజ్ పెట్టమన్నాను పొద్దున.”

“నువ్వు ఆస్పత్రులకి ఫోన్ చేస్తున్నావేమో, లైన్ ఖాళీ ఉండదని పెట్టలేదు.” బ్రిన్ గిన్నె ఎత్తి పాలు తాగేసింది. “రేపు సాయంత్రం కోరస్ ప్రాక్టీసు. లేటౌతుంది. ముందే చెప్తున్నా, నేను చచ్చిపోను.”

“అలాంటి మాటలనొద్దు.”

“చూశావా. నేనేం చెప్పినా నీకు తప్పే.”

పిల్ల గిన్నె కడిగి పైకి వెళ్ళిపోయింది. జనెల్ టేబుల్ దగ్గర కూర్చుని, రేపు ఫోన్‌లో చదవాల్సిన ప్రశ్నని మెల్లగా, ఏ మాట మీదా బరువు వెయ్యకుండా పదేపదే చదువుకుంది. ఎలా చదివినా ఆమెకి తన గొంతులో భయం వినిపిస్తూనే ఉంది.

*

టెలిఫోన్ గది కింది అంతస్తులో ఉంటుంది. ఒకప్పుడు సాయంత్రమైతే తేనెతుట్టెలా ఉండేది. ఇప్పుడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గోడకి చేర్చారు. చిన్న చిన్న అరల్లాంటి బల్లలు, వాటి మధ్య అట్టగోడలు. ఒక్క బల్ల మీదే ఫోను పనిచేస్తోంది. ఎదురుగా అద్దాల గది. ఫోన్‌లో అడిగేవాళ్ళు సరిగ్గా అడుగుతున్నారా లేదా అని పైవాళ్ళు అక్కడ కూర్చుని వింటారు. గోర్డన్ అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. దొరికినవాళ్ళది తన చెవులతో వినాలన్నాడు, రేపు నిలబడి చెప్పాల్సింది తను గనక.

బయట మళ్ళీ మంచు పడుతోంది. జనెల్ తన సెల్‌ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, తనూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి నంబర్ కలిపింది.

మొదటి రెండూ ఎవరూ ఎత్తలేదు. మూడోదాంట్లో ఆన్సరింగ్ యంత్రం పలికింది. నాలుగోదాంట్లో ఒకావిడ పూర్తిగా విననే లేదు. “మీరేనా? మొన్ననే నింపాను గదా. మీకు పన్లేదా, మాకు లేదనుకున్నారా?” అని పెట్టేసింది. ఇంకొకాయన రైతు, వెనకాల పశువుల అరుపులు, ప్రశ్న సగంలో ఉండగానే “లేదు లేదు, అలాంటిదేం లేదు,” అన్నాడు. ఒక కుర్రాడు నవ్వాడు. “పిజ్జా చెప్పడం మర్చిపోయి పడుకుంటే లెక్కలోకొస్తుందా?”

“మీకెలా అర్థమైతే అలా.”

“అయితే లేదు.”

ఆమె ప్రతిదాని పక్కనా లేదు అని రాస్తోంది. గోర్డన్ మధ్యలో ఒకసారి లేచి కాఫీ తెచ్చుకుని, ఇంకోటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, తిరిగి వెళ్ళాడు.

మరో నంబర్. ఒక చిన్నవయసు తల్లి ఎత్తింది. పిల్లాడెవడో స్నానం నీళ్ళల్లో కొట్టుకుంటున్న చప్పుడు. మర్యాదగా మాట్లాడింది. సర్వే గుర్తుందంది.

జనెల్ చదివింది. “గడిచిన సంవత్సరంలో, కొనుక్కునే వీలు లేక మీరెప్పుడైనా ఒక పూట భోజనం మానుకున్నారా?”

అవతల మాట ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత అదీ ఆగింది. ఎందుకు ఆగింది? పిల్లాడు నీళ్ళలో ఉన్నాడు. తల్లి ఇటు ఫోన్ పట్టుకుని నిలబడింది. చిన్నపిల్లలకి చారెడు నీళ్ళు చాలు. నేను అడగబట్టి, నా ప్రశ్న మూలంగా... ఎంతోసేపు కాలేదు, ఊపిరి రెండుసార్లు తీసుకున్నంతసేపే. జనెల్ ఆగలేకపోయింది.

“అలాంటిదేం లేదు కదా?” అంది, మెత్తగా, ఓదార్పుగా.

“లేదు,” అంది ఆ తల్లి వెంటనే. గొంతు తేలికపడిపోయింది. “లేదండీ. అలాంటిదేం లేదు.” వెనక పిల్లాడు కిలకిలా నవ్వాడు. ఫోన్ పెట్టేసింది.

హెడ్‌ఫోన్లలో గోర్డన్ గొంతు వచ్చింది. “అది పనికిరాదు.”

“తెలుసు.”

“ఆమె చెప్పబోతోంది.”

“తెలుసు గోర్డన్.”

“నువ్వామెకి తలుపు తెరిచి చూపించావు, వెళ్ళిపోయింది. మళ్ళీ అడగడానికి వీల్లేదు. ఆమెని తీసేయాల్సిందే.”

“తీసేస్తున్నాను.”

కాగితం మీద ఆ నంబరుకి అడ్డంగా గీత గీసింది. అద్దం వెనక గోర్డన్ హెడ్‌ఫోన్లు తీసి మెడకి వేలాడేసుకున్నాడు, నుదురు రుద్దుకుంటున్నాడు. అతనికి కూడా ఒక్కరైనా దొరకాలనే ఉందని జనెల్‌కి అప్పుడు తెలిసింది. లేచి నిలబడి చెప్పాలనే ఉంది. ఒక్కరూ దొరక్కుండా చెప్పడానికి ధైర్యం లేదు, అంతే.

తర్వాతివాళ్ళు కూడా లేదన్నారు. ఒకామె నవ్వుతూ, ఒకాయన విసుక్కుంటూ, ఇంకొకామె “మా చర్చిలో మేమే పెడతాం భోజనాలు,” అని నొచ్చుకుంటూ. ఎత్తనివాళ్ళకి మళ్ళీ చేస్తే మళ్ళీ ఎత్తలేదు. కాగితం మీద ఇక ఒక్క నంబరే మిగిలింది. ఆ తర్వాత జనం ఇళ్ళకి ఫోన్ చెయ్యకూడని వేళ వచ్చేస్తుంది.

“ఆపేద్దామా?” అన్నాడు గోర్డన్ చెవిలో. “రేపు ఆ పేజీ ఉండనీ. వచ్చే ఏటికి వరస సరిచేద్దాం.”

“వచ్చే ఏటికి వ్యాను ఉండదు.”

జనెల్ నంబర్ కలిపింది.

చాలాసేపు మోగింది. పెట్టెయ్యబోతుంటే ఒక ముసలాయన ఎత్తాడు. వెనక రేడియోలో అకార్డియన్, పోల్కా పాట.

“సర్వేనా? సరే అడుగు. ఈ ఇంట్లో ఓటర్లం ఇద్దరం, నేనూ మా కుక్కా. దాని అభిప్రాయం ముందు తీసుకుంటావా?”

“మీతోనే మాట్లాడాలండీ,” అంది జనెల్. ఎందుకో చిన్నగా నవ్వొచ్చింది. “శరదృతువులో మీరు మార్లో కౌంటీ సర్వే నింపారు.”

“నింపాను, లైబ్రరీలో. నా వెనక ఒకతను నిలబడి దగ్గుతూ ఉన్నాడు, కుర్చీ ఎప్పుడు ఖాళీ చేస్తానా అని. ఆ సర్వే తయారుచేసింది నువ్వేనా అమ్మాయీ? అదేంటది, కారు పాడైందంటే దాని అమ్మమ్మ పేరు కూడా అడిగేట్టుంది.”

“అందులో ఒక్క ప్రశ్న మళ్ళీ అడగాలండీ. ఒక్కటే. తర్వాత ఇంకేం ఉండవు.”

“ఒక్కటైతే రెండు కూడా అడుగు. నాకేం పెళ్ళివారొస్తున్నారా?”

జనెల్ కాగితం దగ్గరికి లాక్కుంది. మెల్లగా, ఏ మాట మీదా బరువు వెయ్యకుండా చదివింది. “గడిచిన సంవత్సరంలో, కొనుక్కునే వీలు లేక మీరెప్పుడైనా ఒక పూట భోజనం మానుకున్నారా?”

పాట నడుస్తోంది. ముసలాయన ఏదో హాస్యం ఆడబోయినట్టు ఊపిరి తీసుకున్నాడు. మాట రాలేదు.

జనెల్ చూస్తోంది, బల్ల మీద కాఫీ గ్లాసు చేసిన గుండ్రటి మరక. దాన్నే చూస్తోంది. పాటలో ఒక చరణం అయిపోయింది. కుక్క కాళ్ళు నేల మీద టకటకమంటూ ఇటు వచ్చి ఆగాయి.

పడిపోయాడేమో. గుండె ఆగిపోయిందేమో. ఒంటరి మనిషి, ఎవరూ లేరు, కుక్క తప్ప. ‘ఉన్నారా’ అని ఒక్క మాటంటే తప్పేముంది? ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగించి పట్టుకుంది.

అద్దం మీద చప్పుడైంది. గోర్డన్ వేలితో తడుతున్నాడు. ఇంత సేపు జవాబు రాకపోతే ‘జవాబు లేదు’ అని రాసి, మర్యాదగా పెట్టెయ్యాలి. అది నియమం, జనెల్‌కి తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది తనే. అతను గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఆడించాడు, ఇక చాలని.

ఆమె అరచెయ్యి అతనివైపు ఎత్తి పట్టుకుంది. అలాగే ఉంచింది.

బల్ల మీద బోర్లా పెట్టిన ఫోన్ అంచు చుట్టూ వెలుగు వచ్చింది. బ్రిన్ అయి ఉంటుంది. ఇంకెవరైనా, పోలీసులో ఆస్పత్రివాళ్ళో, అయినా అయి ఉండొచ్చు. వెలుగు వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది. జనెల్ దాన్ని తిప్పి చూడలేదు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

అవతల కుర్చీ కిర్రుమంది. అడుగులు, నెమ్మదిగా, దూరంగా. రేడియో ఆగిపోయింది. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, కిటికీ సందుల్లోంచి దూరే గాలి తప్ప. అది ఆయన ఇంటి గాలో ఇక్కడి గాలో తెలియడం లేదు. అడుగులు మళ్ళీ దగ్గరికి వచ్చాయి. కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్న చప్పుడు.

అద్దం మీద చప్పుడు మానేసింది. ఆమె కళ్ళు తెరిచి చూస్తే గోర్డన్ నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ హెడ్‌ఫోన్ల మీద పెట్టుకుని, తల వంచుకుని, అచ్చం ఆమె లాగే.

“అవును,” అన్నాడు ముసలాయన. “వ్యాను రాని రోజుల్లో.”